నాట్యం ఎవరి గాయాన్ని మాన్పింది? కె. విశ్వనాథ్ సినిమాలను వాడ నుంచి చూస్తే

గోదావరి జిల్లాల్లో కె. విశ్వనాథ్ సినిమాలు నచ్చవని చెప్పేవాళ్లు అరుదు. తాడేపల్లిగూడెంలోనో, ఏలూరులోనో, భీమవరంలోనో కళాశాల వార్షికోత్సవం జరిగితే ఆయన సినిమా పాటకు ఎవరో ఒకరు గజ్జె కడతారు. మా పేటల్లోనూ అంతే. మనసు బాగోలేని రోజున ‘సాగరసంగమం’ పాటలు పెట్టుకునే వాళ్లు మనలో ఎంతోమంది. ఆ సినిమాలు చూస్తుంటే ఏదో భారం దిగినట్టుంటుంది. అది అబద్ధం కాదు. మేం ఆ అనుభవాన్ని వెక్కిరించడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

మా ప్రశ్న వేరే. విశ్వనాథ్ నాట్యాన్ని, సంగీతాన్ని ఆధ్యాత్మిక సాధనగా చూపించారు. కళ మనిషి గాయాన్ని మాన్పుతుందని నమ్మారు. కులం తగిలించిన గాయాలు కూడా ఆయన సినిమాల్లో కళ ద్వారానే మానతాయి. అయితే ఆ మానడం ఎవరి షరతుల మీద జరుగుతుంది? గాయపడిన వాళ్లు ఏం వదులుకోవాలి? గాయం చేసిన వాళ్లు ఏమైనా వదులుకుంటారా? విద్యార్థి మిత్రులు, కార్యకర్తలు ఈ సినిమాలను చర్చకు పెట్టుకునేటప్పుడు పనికొస్తుందని నాలుగు సినిమాలను వరసగా తీసుకుని, వాటి వెనకున్న చరిత్రతో కలిపి చెబుతున్నాం.

దర్శకుడు, ఆయన కాలం

కాశీనాథుని విశ్వనాథ్ 1930 ఫిబ్రవరి 19న ఇప్పటి బాపట్ల జిల్లాలోని పెదపులివర్రులో పుట్టారు. మద్రాసులో వాహినీ స్టూడియో శబ్దగ్రహణ విభాగంలో పని మొదలుపెట్టారు. దర్శకుడిగా మొదటి సినిమా ‘ఆత్మగౌరవం’ 1965లో వచ్చింది. నాట్యం, సంగీతం కథకు ప్రాణంగా ఉన్న సినిమాల వరస 1976లో ‘సిరిసిరిమువ్వ’తో మొదలైంది. 1980లో ‘శంకరాభరణం’, 1981లో ‘సప్తపది’, 1983లో ‘సాగరసంగమం’, 1988లో ‘స్వర్ణకమలం’ వచ్చాయి. 2016 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. 2023 ఫిబ్రవరి 2న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ‘శంకరాభరణం’ విడుదలైంది కూడా ఫిబ్రవరి 2నే.

ఇదే కాలంలో కోస్తాలో ఇంకేం జరుగుతోందో కూడా గుర్తుపెట్టుకోవాలి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపి కాలవలో పారేశారు. ఆ చుండూరు, విశ్వనాథ్ పుట్టిన పెదపులివర్రు ఒకే డెల్టాలోవి. తెర మీద కళ కులాన్ని కరిగిస్తున్న సంవత్సరాల్లోనే ఊళ్లలో దళిత మహాసభ పుట్టాల్సిన అవసరం వచ్చింది. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టుకుని చూడటమే మేం చేస్తున్న పని.

‘సిరిసిరిమువ్వ’లో డప్పు

‘సిరిసిరిమువ్వ’ మాటలు రాని ఒక నర్తకి కథ. జయప్రద ఆ పాత్ర చేసింది. ఆమె అడుగుకు తోడుగా డప్పు వాయించే సాంబయ్యగా చంద్రమోహన్ నటించారు. మూగ పిల్ల తన బాధంతా కాళ్లతో చెబుతుంది. ఆ కాళ్లకు లయ ఇచ్చేది డప్పు. నాట్యం నయం చేస్తుందన్న ఆలోచన విశ్వనాథ్ సినిమాల్లో ఇక్కడే స్పష్టమైంది.

మనం గమనించాల్సింది ఆ డప్పు సంగతి. మన ఊళ్లలో డప్పు ఉత్త వాద్యం కాదు. చావుకు, జాతరకు, చాటింపుకు మాదిగలు వెట్టిగా మోసిన పని అది. గంగానమ్మ జాతరలో డప్పు లేనిదే అమ్మవారు కదలదు, కానీ డప్పు కొట్టినవాడు గుడి గడప దాటకూడదు. ఈ సినిమాలో డప్పు తెర మీదికి వచ్చింది గానీ దాన్ని మోసిన వాడ కథ రాలేదు. అదే డప్పు 1994 జూలైలో ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరాలో ఆత్మగౌరవానికి గుర్తయింది. ఆ ఉద్యమం చెప్పింది ఒకటే: ఈ దరువు మాది, దీన్ని ఎక్కడ కొట్టాలో, ఎక్కడ కొట్టకూడదో మేమే చెబుతాం. వాద్యం ఒకటే. ఒకచోట అది నాయిక మనసుకు ఊరట. ఇంకోచోట కొట్టేవాడి గొంతు.

‘శంకరాభరణం’: పాముకు దొరికిన చోటు

ఏడిద నాగేశ్వరరావు నిర్మాత. మాటలు రాసింది మన నరసాపురం బిడ్డ జంధ్యాల. సంగీతం కె.వి. మహదేవన్. శంకరశాస్త్రిగా జె.వి. సోమయాజులు, తులసిగా మంజుభార్గవి నటించారు. ఎవరూ ఊహించనంత ఆదరణ పొందిన ఈ సినిమాను శాస్త్రీయ సంగీతం గెలుపుగా చెప్పుకుంటారు. కథను తులసి వైపు నుంచి చెబితే ఇంకోలా ఉంటుంది.

తులసి వేశ్యావృత్తి కుటుంబంలో పుట్టిన పిల్ల. నాట్యం నేర్చుకుంది. తల్లి దింపాలనుకున్న వృత్తి ఆమెకు వద్దు. శంకరశాస్త్రి పాటంటే ఆరాధన. ఒక జమీందారు ఆమెను చెరుస్తాడు. ఆమె కొలిచే శాస్త్రి చిత్రాన్ని కూడా అవమానిస్తాడు. తులసి వాణ్ని చంపుతుంది. శాస్త్రి ఆమెకు తన ఇంట్లో చోటిస్తాడు. ఊరు ఆయన్ను వెలివేస్తుంది, పక్కవాద్యాల వాళ్లు కూడా మొహం చాటేస్తారు. తన వల్ల ఆయనకు చెడ్డపేరు రాకూడదని తులసి వెళ్లిపోతుంది. బిడ్డను కంటుంది. ఆ బిడ్డను ఎవరో అనాథగా శాస్త్రి దగ్గరికి శిష్యరికానికి పంపుతుంది. చివరికి వేదిక మీద గురువు గొంతు ఆగిన చోట పిల్లవాడు పాట అందుకుంటాడు. గురువు తన గండపెండేరాన్ని వాడికి తొడిగి ప్రాణం విడుస్తాడు. తులసి ఆయన పాదాల దగ్గరే చనిపోతుంది.

సినిమా పేరులోనే దాని తాత్పర్యం ఉంది. పాము విషపు పురుగే, కానీ శివుడి మెడలో చేరితే ఆభరణం. పాపంలో పుట్టిన బిడ్డ గురువు చేతిలో పడితే పవిత్రుడవుతాడు. ఈ పోలికలో విషం ఎవరిది? చెరిచినవాడు జమీందారు. కానీ కడుక్కోవాల్సిన మైల తులసి ఒంటి మీద, ఆమె పుట్టుక మీద, ఆమె బిడ్డ మీద పడింది. వెలివేసిన అగ్రహారం ఏ ప్రాయశ్చిత్తమూ చేసుకోలేదు. తులసి సినిమా అంతటా చాలా తక్కువ మాట్లాడుతుంది. చివర్లో బతికి కూడా ఉండదు.

గురజాడ ‘కన్యాశుల్కం’లో మధురవాణిని ఒకసారి గుర్తుచేసుకోండి. ఆమెదీ అలాంటి కుటుంబమే. కానీ ఆమె మాట్లాడుతుంది, ఎదురు ప్రశ్న వేస్తుంది, పెద్దమనుషుల ముసుగులు లాగుతుంది. 1892లో నాటకం మొదటిసారి ఆడిననాడే తెలుగు సాహిత్యానికి ఆమె తెలుసు. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత తెర మీదికి వచ్చిన తులసికి ఆ నోరు లేదు. ఆమెకు దక్కింది ఆరాధించే కళ్లు మాత్రమే.

తులసి వెనక ఉన్న నిజమైన మనుషులు

తులసి లాంటి స్త్రీలు కల్పన కాదు. గోదావరి జిల్లాల్లో కళావంతులని పిలిచే కుటుంబాలు తరతరాలుగా గుడిలో, జమీందారీ కొలువుల్లో, పెళ్లి మేజువాణీల్లో ఆడి పాడాయి. పదాలు, జావళీలు, భామాకలాపం వాళ్ల విద్య. పశ్చిమ గోదావరి జిల్లా బల్లిపాడు మదనగోపాలస్వామి గుడి పేరు వింటే నాట్యం తెలిసినవాళ్లకు సరిదె మాణిక్యమ్మ గుర్తుకొస్తుంది. తూర్పున ముమ్మిడివరం అలాంటి మరో చోటు.

వీరేశలింగం కాలం నుంచి సాగిన సంస్కరణ ఉద్యమం ఈ స్త్రీల ఆటపాటలను అవినీతి కింద లెక్కగట్టింది. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం గుడికి అంకితం ఇవ్వడాన్నీ, గుళ్లలో వాళ్లు నాట్యం చేయడాన్నీ నిషేధించింది. 1956లో ఆంధ్రలో తెచ్చిన సవరణ పెళ్లిళ్లలో ఆడే మేళాలకూ ఆ నిషేధాన్ని చాచింది. అంకితం ఆగడం అవసరమే. ఆ ఆచారంలో ఆడపిల్లల ఇష్టానికి చోటు లేదు. దాన్ని ఆపాలని పోరాడిన వాళ్లలో అదే కులాల్లో పుట్టిన ముత్తులక్ష్మీ రెడ్డి, యామినీ పూర్ణతిలకం లాంటి స్త్రీలు ఉన్నారు. కానీ చట్టం వాళ్ల బతుకుతెరువును కూడా తీసేసింది. ‘భోగం’ అన్న మాట తిట్టుగా మిగిలింది.

అదే సమయంలో నాట్యం మాత్రం ఆగలేదు. పెద్దింటి పిల్లలు నేర్చుకునే శాస్త్రీయ కళగా, దైవచింతనగా కొత్త పేరుతో సభలకెక్కింది. బ్రాహ్మణ పురుషులు ఆడిన కూచిపూడికి రాష్ట్ర గౌరవం దక్కింది. కళావంతుల విద్యను తర్వాత నటరాజ రామకృష్ణ ఆంధ్రనాట్యం పేరుతోనూ, స్వప్నసుందరి విలాసినీ నాట్యం పేరుతోనూ వేదికల మీదికి తెచ్చారు. ఆ ముసలమ్మల దగ్గర కూర్చుని నేర్చుకుని, వాళ్ల పేర్లు చెప్పడం మంచి పనే. కానీ వాళ్ల ఇళ్లలోని తర్వాతి తరం ఆడపిల్లలు అప్పటికే గజ్జెలు దాచేసి, ఇంటి పేరు చెప్పుకోవడానికి భయపడే స్థితికి వచ్చేశారు. ఈ మధ్య హైదరాబాద్‌లో యశోదా ఠాకూర్, తమిళనాట నృత్య పిళ్ళై లాంటి నర్తకులు తమ వారసత్వాన్ని బాహాటంగా చెప్పుకుని, ‘మా అమ్మమ్మల కళను శుద్ధి చేశామనడానికి మీరెవరు’ అని నిలదీస్తున్నారు.

సినిమా కెమెరా ఈ స్త్రీలను ఇంకోలా చూడగలదని చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. సత్యజిత్ రాయ్ 1976లో ‘బాలా’ అనే డాక్యుమెంటరీ తీశారు. దేవదాసీ వంశం నుంచి వచ్చిన భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి గురించి. అందులో ఆమెను ఎవరూ ఉద్ధరించరు. ఆమె ఆడుతుంది, మనం చూస్తాం. అంతే.

ఇక్కడ విద్యార్థులు తికమకపడే విషయం ఒకటి చెప్పాలి. కళావంతులు, జోగినులు ఒకటి కాదు. కళావంతులు అంటరాని కులం కాదు. గుడి లోపల వాళ్లకు చోటుండేది, చదువూ సంగీతమూ ఉండేవి. తెలంగాణలో జోగిని, రాయలసీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ పేరుతో ఎల్లమ్మకో మాతమ్మకో ఇచ్చేసిన ఆడపిల్లలు ఎక్కువగా మాల మాదిగ ఇళ్లవాళ్లు. వాళ్లూ జాతరలో ఆడతారు. పూనకం వచ్చినప్పుడు ఊరంతా కాళ్లకు మొక్కుతుంది, రోగం నయం చేయమని అడుగుతుంది. జాతర అయిపోయాక అదే ఊరు ఆమెను ఎవరి ఇంటి మనిషీ కాదన్నట్టు వాడుకుంటుంది. వాళ్ల కోసం ప్రత్యేక చట్టం 1988లో గానీ రాలేదు. వాళ్ల నాట్యాన్ని శాస్త్రీయం అని పిలవడానికి ఏ పండితుడూ ముందుకు రాలేదు. ఊరికి నయం చేసే దేవత పూనిన ఒంటికి, తన గాయానికి మందు మాత్రం దొరకలేదు.

‘సప్తపది’: ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు

విశ్వనాథ్ కులాన్ని నేరుగా తాకిన సినిమా ‘సప్తపది’. హేమ బ్రాహ్మణ పురోహితుడు యాజులు గారి మనవరాలు, నర్తకి. ఆమె ప్రేమించిన హరిబాబు వేణువు వాయించే దళిత యువకుడు. పెద్దలు ఆమెను మేనరికం ఇచ్చి గౌరీనాథ్‌కు పెళ్లి చేస్తారు. భర్తకు ఆమెలో అమ్మవారు కనిపిస్తుంది, భార్యగా తాకలేకపోతాడు. విషయం తెలిసిన తాతగారు ఎంతో మథనపడి, చివరికి మనవరాల్ని హరిబాబుకు అప్పగిస్తాడు. జాతీయ సమైక్యత మీద తీసిన ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది.

1981లో ఒక పేరున్న బ్రాహ్మణ దర్శకుడు ఈ ముగింపు ఇవ్వడం చిన్న విషయం కాదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీసినప్పుడు దళిత యువతిని బ్రాహ్మణ యువకుడు ప్రేమించాడు. అగ్రకుల స్త్రీ దళిత పురుషుడి చేయి పట్టుకోవడం దానికంటే కులానికి ఎక్కువ కోపం తెప్పించే పని. విశ్వనాథ్ ఆ కథను ఎంచుకున్నారు. ఆ గౌరవం ఇచ్చాకే విమర్శ చేస్తున్నాం.

సినిమా మొత్తం మథనం యాజులు గారి మనసులో జరుగుతుంది. ధర్మం ఏది, శాస్త్రం ఏమంటుంది, లోకం ఏమంటుంది అని ఆయన తేల్చుకోవాలి. హరిబాబు ఎదురుచూడాలి. అతని వాడ ఎలా ఉంటుంది, అతని తల్లి ఈ పెళ్లి గురించి ఏమనుకుంటుంది, రేపు ఊరు మీద పడితే ఎవరు నిలబడతారు అన్నవి కథకు ముఖ్యం కాలేదు. పైగా హేమ తన ఇష్టం వల్ల విడుదల కాలేదు. భర్తకు దేవత కనిపించడం వల్ల విడుదలైంది. కులం దాటడానికి దైవసంకేతం, పెద్దాయన ఔదార్యం రెండూ కావాల్సి వచ్చాయి. వేణువు వాయించే హరిబాబులో కళ ఉంది కాబట్టి అతను అర్హుడయ్యాడు. కళ లేని మాలపల్లి కుర్రాడికి, కూలికెళ్లే మాదిగ అబ్బాయికి ఆ అర్హత ఎక్కడి నుంచి వస్తుంది?

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో పెరుమాళ్ల ప్రణయ్‌ని పట్టపగలు నరికి చంపారు. అగ్రకుల అమ్మాయిని పెళ్లి చేసుకున్నందుకు, ఆమె తండ్రే డబ్బిచ్చి చేయించాడని కేసు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు దోషులకు శిక్షలు వేసింది. ప్రణయ్‌కు కావాల్సింది ఎవరి ఔదార్యమూ కాదు. రాజ్యాంగం ఇచ్చిన హక్కు అమలు కావడం.

‘స్వర్ణకమలం’: వద్దు అనగలగడం

మీనాక్షి కూచిపూడి పండితుడి చిన్న కూతురు. భానుప్రియ ఆ పాత్రను ఎంతో హుషారుగా చేసింది. ఆమెకు నాట్యం వద్దు. కూడు పెట్టని విద్య ఎందుకని అడుగుతుంది. సినిమా హోర్డింగులకు బొమ్మలు గీసే చంద్రశేఖర్, ఒడిస్సీ నర్తకి షారన్ లోవెన్ ఆమెను మళ్లీ నాట్యం వైపు తిప్పుతారు. చివరికి నాట్యంలో ఆనందం వెతుక్కుంటుంది.

మాకు ఈ నాలుగింటిలో ఇదే ఎక్కువ నిజాయితీగా అనిపిస్తుంది. పస్తుల సంగతి దాచలేదు. కానీ ఒక తేడా చూడండి. పుట్టుకతో వచ్చిన కళను వద్దనడం, తర్వాత ఇష్టపడి తీసుకోవడం మీనాక్షికి సాధ్యమైంది. కళావంతుల ఇంటి పిల్ల కావాలన్నా చట్టం వద్దంది. జోగిని వద్దన్నా ఊరు వదల్లేదు. చావు డప్పు కొట్టనన్న మాదిగను ఊరు వెలేసింది. వారసత్వం ఒకరికి నిధి, ఇంకొకరికి సంకెల. ఎన్నుకోగలిగినప్పుడే కళ సాధన అవుతుంది. లేనప్పుడు అది వెట్టి.

కొవ్వలి అమ్మాయి

‘శంకరాభరణం’ విడుదలైన 1980లోనే తమిళంలో ‘వండిచక్కరం’ వచ్చింది. అందులోని పాత్ర పేరుతో ఒక అమ్మాయి సిల్క్ స్మిత అయింది. ఆమె మన ఏలూరు పక్కన కొవ్వలిలో పుట్టిన విజయలక్ష్మి. చిన్నప్పుడే చదువు ఆగి, పెళ్లి చేసేస్తే, అక్కడి నుంచి తప్పించుకుని మద్రాసు చేరింది. పదహారేళ్లు దక్షిణాది సినిమా ఆమె నాట్యం మీద డబ్బు చేసుకుంది. 1996 సెప్టెంబర్ 23న చెన్నైలో చనిపోయేనాటికి ఆమెకు 35 ఏళ్లు.

అదే పరిశ్రమ, అదే మద్రాసు, అదే కాలం. ఒక నాట్యానికి దీపం వెలిగించారు, ఇంకో నాట్యానికి ఈల వేశారు. రెండూ ఒళ్లు అలిసే పనే. పాత రోజుల్లో కళావంతుల మీద వేసిన గీతను సినిమా ఇలా మళ్లీ గీసింది: పవిత్రమైన ఒళ్లు ఇటు, వాడుకునే ఒళ్లు అటు.

మరో రకం నయం

కళలో ఆధ్యాత్మికత వద్దని మేం అనడం లేదు. మన దగ్గరా ఉంది. గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ రాశారు. గుడి గడప తొక్కనివ్వని మనిషి, గుడిలో స్వేచ్ఛగా ఎగిరే గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. అతను తనను పవిత్రుణ్ని చేయమని అడగడు. తన ఆకలి, తన అవమానం దేవుడి చెవిన వేసి లెక్క అడుగుతాడు. అంబేడ్కర్ 1956 అక్టోబర్ 14న బౌద్ధం తీసుకున్నప్పుడు ఆయన వెతికిన ధర్మమూ అలాంటిదే. మనిషికీ మనిషికీ మధ్య సమానత్వం లేని చోట ఆయనకు ఆధ్యాత్మికత కనపడలేదు.

అమెరికాలో ఉంటున్న తమిళ దళిత కళాకారిణి, సినిమా నిర్మాత తేన్‌మొళి సౌందరరాజన్ 2022లో ‘ది ట్రామా ఆఫ్ కాస్ట్’ అనే పుస్తకం రాశారు. కులాన్ని ఒంటిలో, మనసులో మిగిలిపోయే గాయంగా చూసి, దాన్ని మాన్పుకోవడం గురించి ఆలోచించారు. ఆ ఆలోచనలో కుల నిర్మూలన లేకుండా నయం కావడం లేదు. గాయపడిన వాళ్లతో పాటు, గాయం చేసే వ్యవస్థలో పెరిగిన వాళ్లూ మారాలి.

విశ్వనాథ్ సినిమాల్లో లేనిది ఇదే. అక్కడ తులసి మారుతుంది, హరిబాబు అర్హుడవుతాడు, మీనాక్షి తెలుసుకుంటుంది. అగ్రహారం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఒక మంచి పెద్దాయన తలుపు తీస్తాడు, ఆయన పోయాక తలుపు మళ్లీ మూసుకుంటుంది.

అందుకే ఈసారి హాస్టల్లోనో, అంబేడ్కర్ భవన్‌లోనో ఈ సినిమాలు వేసినప్పుడు చూసి లేచిపోకండి. పాట బావుంటే బావుందనే చెప్పండి. ఆ తర్వాత కూర్చుని నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో ఎవరు మాట్లాడారు? శుభ్రపడాల్సింది ఎవరన్నారు? ఎవరు ఏం వదులుకున్నారు? వద్దు అనే హక్కు ఎవరికి ఉంది? మీ ఊళ్లో ఒకప్పుడు ఆడి పాడిన ముసలమ్మ ఉంటే, డప్పు కొట్టి మానేసిన తాత ఉంటే, వాళ్ల దగ్గరికీ వెళ్లండి. వాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల మాటల్లోనే ఫోనులో రికార్డు చేయండి. తులసికి సినిమా ఇవ్వని గొంతు, వీళ్లకు ఇంకా ఉంది.